పాలకూర కట్ట మీది తడి

పోయిన వారం మిమ్మల్ని నూలు మిల్లు క్యాంటీన్ గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాను. ఈపాటికి కాళ్లు పీకుతుంటాయి, లోపలికి రండి.

కొత్తగా వచ్చినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఊరికి ఆ చివర, మిల్లు వాళ్ల పాత గోదాము వెనక ఖాళీ జాగాలో మా వదిన పాలకూర పండిస్తుంది. జాగా మిల్లుది, ఒళ్లు వంచేది వదిన. కోసిన ఆకుని మా అన్నయ్య మూడు చక్రాల బండి మీద తొక్కుకుంటూ ఊరికి ఈ చివర ఉన్న మిల్లు క్యాంటీన్‌కి చేరుస్తాడు. ఆ బండికి పంక్చర్ పడితే వేసేది నేను, సైకిల్ షాపు నాది. ఇలా మా బతుకులు చక్కగా దొర్లిపోతుంటే, ఓ మధ్యాహ్నం క్యాంటీన్లో భోంచేసినవాళ్లలో సగం మంది మర్నాటికల్లా పొట్టలు పట్టుకుని మంచాలెక్కారు. ఇద్దరు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకుని గండం గట్టెక్కారు. అందరి వేళ్లూ పాలకూర వైపే తిరిగాయి. ఆకు తప్పు లేదని ఇవాళ తేలకపోతే తోటంతా దున్నించేసి జాగాకి తాళం వేయిస్తానని మేనేజరు గారు తేల్చి చెప్పేశారు. ఉత్త బెదిరింపు కాదు. ట్రాక్టరు తెప్పించి మిల్లు గేటు ముందు పెట్టారు. అది ఇంజను ఆపకుండా గుర్రుగుర్రుమంటూ ఆయన చెయ్యి ఊపడం కోసం ఎదురుచూస్తోంది.

ఆ తోట పోతే ఏం పోతుందో మీకు తెలియాలి కదా, అందుకని ముందు దాని సంగతి చెప్పనివ్వండి.

మా వదిన పాలకూర ఎంత వెడల్పంటే, ఓసారి జోరువానలో పోస్టుమాన్ ఒక్క ఆకు కోసుకుని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చాడు, సంచీలో ఒక్క ఉత్తరం తడవలేదు. ఎంత లేతగా ఉంటుందంటే, కొడవలి చూపిస్తే చాలు, ఆకే సిగ్గుపడి వచ్చి బుట్టలో పడుకుంటుంది. పొద్దున కోసిన మడి మధ్యాహ్నానికి మళ్లీ లేచి నిలబడుతుంది. మొన్నామధ్య వదిన మడిలో చెంబు మర్చిపోయి అన్నానికి వెళ్లొచ్చేసరికి, ఆ చెంబు ఆకుల కొసన ఊగుతోంది. నిచ్చెన వేసి దింపింది నేనే. అబద్ధమైతే నా పంపులో గాలి రాకుండా పోవాలి!

నిజాలు కూడా కొన్ని ఉన్నాయి, అవి ఇంకా గొప్పవి. పచ్చి పేడ ఆ తోట గడప తొక్కదు. ఎరువు కుప్ప లోపలికి చెయ్యి పెట్టి చూస్తుంది వదిన. కాస్త వెచ్చగా తగిలినా, "ఇంకా మాగలేదు, పడుకోనీ" అంటుంది, పసిపిల్లని జోకొట్టినట్టు. నల్లగా, పొడిగా, వాన పడ్డ మట్టి వాసన వస్తేనే అది మడిలోకి వెళ్తుంది. పురుగుకి మందు కొట్టదు. పసుపు రంగు వేసిన రేకులకి ఆముదం రాసి కర్రలకి వేలాడదీస్తుంది, ఎగిరే పురుగు ఆ రంగు చూసి మోజుపడి వచ్చి అతుక్కుపోతుంది. కొడవలి వేడినీళ్లలో కడక్కుండా ఆకు మీద పెట్టదు. ఎవరి మేకైనా కంచె దగ్గరికొస్తే ముందు మేకకీ తర్వాత మేక గలాయనకీ పెళ్లి చేస్తుంది.

క్యాంటీన్‌కి పోగా మిగిలిన ఆకుని వదినే బజార్లో కూర్చుని అమ్ముతుంది. ఓసారి దర్జీ ఆయన కొనడానికొస్తే, "నీకు కిడ్నీలో రాళ్లున్నాయన్నావు కదన్నా? ఇది ఎక్కువ తింటే నీకు మంచిది కాదట. ముందు డాక్టరుని అడిగిరా, అప్పుడిస్తాను. ఇవాళ్టికి పక్క బండిలో సొరకాయ తీసుకో," అని పంపేసింది. ఆయన నా షాపుకొచ్చి, "అమ్ముకోవడానికి కూర్చుని వద్దంటుందేంటయ్యా మీ వదిన?" అని నోరు తెరిచాడు. ఇప్పటికీ పూర్తిగా ముయ్యలేదు.

సరే, ఇక క్యాంటీన్ వంటగదిలోకి వెళ్దాం.

పొడవాటి స్టీలు బల్ల. బల్లకి అటువైపు మేనేజరు గారు. ఆయన మనతో మాట్లాడరు, తన చేతి గడియారంతో మాట్లాడతారు, మనం పక్కన నిలబడి వినాలి. ఈ పక్కన ఆరోగ్య శాఖ నుంచి వచ్చిన మేడం. చిన్న వయసే. కానీ కొంగు నడుముకి దోపి, మోకాళ్ల మీద మా తోటంతా పాకి, మట్టీ నీళ్లూ ఆకూ సీసాల్లో పట్టుకెళ్లిన మనిషి. ఆమె చీర కుచ్చిళ్లకి అంటిన మట్టి చూసే వదినకి ఆమె మీద నమ్మకం కుదిరింది. పొయ్యిల దగ్గర వంట మాస్టారు, కొండలాంటి మనిషి, నూనెలో పడ్డ అప్పడంలా వణుకుతున్నాడు. గుమ్మంలో తువ్వాలు మెలిపెడుతూ అన్నయ్య. గోడకి ఆనుకుని వదినా నేనూ.

"త్వరగా కానివ్వండమ్మా. బయట డీజిలు ఊరికే తగలడుతోంది," అన్నారు మేనేజరు గారు గడియారంతో.

"ఆపేస్తే తగలడదు కదండీ," అన్నాను నేను.

"నువ్వెవరయ్యా?"

"పాలకూర తరఫు చుట్టాన్నండీ."

వదిన నా కాలు తొక్కింది. మేడం నవ్వు ఆపుకుని కాగితాలు పక్కన పెట్టేసింది.

"మడిలో ఆకు శుభ్రంగా ఉంది. బావి నీళ్లలో ఏమీ లేదు. ఎరువు కుప్ప కూడా చూశాను. నిజం చెప్పాలంటే మా వంటగది కూడా అంత పద్ధతిగా ఉండదు," అంది.

వదిన కొంగు సర్దుకుంది. పొగిడితే ఆమె చేసేది అంతే.

"మరి జనం ఎందుకు పడ్డారు?" అన్నారు మేనేజరు గారు.

"ఆ రోజు మీ ఫ్రిజ్‌లో మిగిలిపోయిన ఆకులో క్రిములున్నాయి సార్. పశువుల కడుపులో ఉండే రకం. కూరలో వేసి ఉడికించిన ఆకు తిన్నవాళ్లకి ఏమీ కాలేదు, ఇంటింటికీ వెళ్లి అడిగాను. పచ్చి ఆకు తరిగి నిమ్మరసం పిండి పెట్టారు చూడండి, అది తిన్నవాళ్లే పడ్డారు. బాగా ఉడికితే ఆ క్రిములు చస్తాయి. పచ్చిగా పెడితే మనతోపాటే భోజనానికి కూర్చుంటాయి."

మేనేజరు గారు మొదటిసారి గడియారం మీంచి తలెత్తి వంట మాస్టారిని చూశారు. "అంటే నువ్వు కడగలేదు."

"అయ్యో, కడిగానండీ! నీళ్లు మార్చి మార్చి కడిగాను. నా పిల్లల మీద ఒట్టు!"

"కడిగే ఉంటారు," అంది మేడం. "కడిగితే మట్టి పోతుంది, కొన్ని క్రిములూ పోతాయి. ఆకు ముడతల్లో పట్టుకున్నవి మాత్రం అన్నీ పోవు. కాబట్టి ఆయన్ని అనేముందు…"

"నాకా ముడతల గొడవొద్దమ్మా. తోట శుభ్రం అన్నారు, సంతోషం. తోట ఉంటుంది, వంటవాడు పోతాడు. ట్రాక్టరుని వెనక్కి పంపించేస్తాను. అయిపోయింది."

అయిపోయింది! ఆ మాట విని నేను ఎగిరిన ఎగురుకి సీలింగు ఫ్యాను రెక్క నా జుట్టు దువ్వింది. అన్నయ్య తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. వంట మాస్టారు మాత్రం నడుముకున్న గుడ్డ విప్పి, మడత పెట్టి, పొయ్యి గట్టు మీద పెట్టాడు. ఆ మడత పెట్టడం చూసి నా ఎగురు సగంలోనే ఆగింది.

"ఒక్క నిమిషం," అంది మేడం.

ఆవిడ ముందురోజు అన్నయ్యతో, రోజూ ఎలా తెస్తారో అచ్చం అలాగే ఓ బుట్టెడు ఆకు తెమ్మని చెప్పింది. తెచ్చాడు. బుట్ట బయట బండి మీదే ఉంది, అందులోంచి ఒక్క కట్ట ఈ బల్ల మీదికొచ్చింది. మేడం ఆ కట్టని కాడల దగ్గర పట్టుకుని పైకెత్తింది. ఆకుల కొసల నుంచి టపటపమని నీళ్లు రాలాయి. కట్ట పెట్టిన చోట స్టీలు బల్ల మీద చిన్న మడుగు.

"దీని మీద ఇంత తడి ఎక్కడిదమ్మా?" అని వదినని అడిగింది. "మీరు చల్లారా? మీ బావి నీళ్లేనా?"

"ఆ, బావి నీళ్లే అయ్యుంటాయి," అన్నారు మేనేజరు గారు, లేవబోతూ. "అవునను తల్లీ, ఎవరిళ్లకి వాళ్లం వెళ్దాం."

చూశారా ఎంత సులువో! ఒక్క 'అవును'. బావి నీళ్లు మంచివని రుజువైపోయాయి. ఆ మాట అంటే తోట వదినదే. మళ్లీ పొద్దున్నే మడుల మధ్య చెంబు పట్టుకుని నడవచ్చు. నేను లోపల్లోపల 'అను వదినా, అను' అని ఎంత గట్టిగా అరిచానంటే నా చెవులకే నొప్పి పుట్టింది.

వదిన ఆ తడి వంక చూసింది. మడత పెట్టిన గుడ్డ వంక చూసింది. ఆ తర్వాత గుమ్మంలో ఉన్న అన్నయ్య మొహం చూసింది. అక్కడ ఇందాకటి నవ్వు లేదు.

"కాదండీ," అంది. "నేనిచ్చేది పొడి ఆకు."

లేవబోయిన మేనేజరు గారు మళ్లీ కూర్చున్నారు.

"సాయంత్రం తడిపిన మడిని పొద్దున కొయ్యను. మంచు ఆరాకే కోస్తాను. నీడలో గోనె మీద పరిచి, పొడిగా అయ్యాక కడతాను. తడిగా కడితే బుట్టలో వేడెక్కి లోపల కుళ్లిపోతుంది. ఇవాళ పొద్దున ఈ కట్ట నా చేత్తో కట్టాను. అప్పుడు దీని మీద చుక్క నీరు లేదు." ఆ తర్వాత గొంతు పెంచకుండానే, "ఏవండీ. ఇలా రండి," అంది.

"నేనేం చేశానే?" అన్నాడు అన్నయ్య, రాకుండా.

"నా చేతిలోంచి మీ చేతిలోకి వచ్చింది. మీ చేతిలోంచి ఇక్కడికొచ్చింది. మధ్యలో వాన పడలేదు కదా?"

అన్నయ్య బల్ల దాకా వచ్చాడు. దొంగలా రాలేదు పాపం, బహుమతి ఇస్తామంటే వచ్చే పిల్లాడిలా వచ్చాడు.

"ఎండ కదే. దారి పొడుగునా తలలు వాల్చేస్తాయి. నువ్వు నడుం విరిగేలా పండిస్తావు. ఆ వాడిపోయిన మొహాలతో తీసుకొచ్చి వీళ్ల ముందు ఎలా పెట్టను? కాస్త నీళ్లు చిలకరిస్తాను. ఇక్కడికొచ్చేసరికి ఇప్పుడే కోసినట్టు నిగనిగలాడుతుంటాయి. 'మీ ఆవిడ చెయ్యే చెయ్యి' అంటారు అందరూ. ఆ మాట వింటే నాకు బాగుంటుంది."

"నాతో చెప్పలేదేం?"

"నువ్వు తడి వద్దంటావని."

నేను తల దించుకున్నాను. మా అన్నయ్య ఆవిడకి ఒక్క చీర మంచిది కొనిపెట్టింది లేదు, పొగడ్తలు మాత్రం రోజూ మోసుకొచ్చి ఇచ్చేవాడు. ఆ పొగడ్తల కోసం పడిన తంటాలివి.

"ఎక్కడి నీళ్లండీ అవి?" అని అడిగింది మేడం, మెల్లిగా.

"మంచి నీళ్లేనమ్మా. మలుపులో వీధి కుళాయివి. నేనూ తాగుతాను."

"ఆ కుళాయి ఎక్కడుంది అన్నయ్యా? మొన్న రోడ్డు తవ్వినప్పుడు పీకేశారు కదా," అన్నాను నేను. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఈ నోటికి ఓ వాల్వు బిగించుకోవాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను.

అన్నయ్య తువ్వాలు మళ్లీ చేతిలోకొచ్చింది. "అది పోయాక… పాలాయన కొట్టం ముందు తొట్టి ఉంది చూడు. నిండా ఉంటాయి, చల్లగా ఉంటాయి…"

"గేదెలు తాగే తొట్టి," అంది వదిన.

"పైపైనే తీశానే. వాటి మూతులు పెట్టని వైపు నుంచి."

ఎవరూ నవ్వలేదు. నాక్కూడా నవ్వు రాలేదు, అది మా వంశంలో జరగని సంగతి. మేడం కళ్లు మూసుకుని తెరిచి, "అదేనమ్మా. ఇంకేం వెతకక్కర్లేదు," అంది.

వదిన అరుస్తుందనుకున్నాను. ఆవిడ అన్నయ్య చేతిలో మెలికలు పడుతున్న తువ్వాలు తీసి, విదిలించి, ఆయన భుజం మీదే వేసింది. "అడిగినప్పుడు నిజం చెప్పారు. ఈ పూటకి అది చాలు. మిగతాది ఇంటికెళ్లాక ఉంది," అంది. ఆ తర్వాత పొయ్యి గట్టు మీది గుడ్డ తీసుకుని వంట మాస్టారి చేతిలో పెట్టింది.

"ఈయన తప్పు లేదు సార్. ఈయన్ని పంపకండి. జబ్బు పడ్డవాళ్ల ఇళ్లకి మేమిద్దరం వెళ్తాం. ఏం జరిగిందో మా నోటితోనే చెప్తాం."

మేనేజరు గారికి కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. "నీకు అర్థమవుతోందా అమ్మా? ఇప్పుడే నీ తోట నీకు వదిలేశాను. నువ్వే తీసుకొచ్చి మళ్లీ నా చేతిలో పెట్టావు."

"తెలుసండీ."

"నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదా?"

"మూసుకునుంటే రేపు కూడా తడి ఆకే వచ్చేదండీ."

వంట మాస్టారు ఆ గుడ్డని కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు. ఉల్లిపాయలు తరిగీ తరిగీ ఆయన కళ్లు ఎప్పుడో ఎండిపోయాయని మిల్లులో అందరూ అనుకునేవాళ్లు. ఆ పూట వచ్చిన నీళ్లతో ఓ మడి తడపచ్చు. నేను మీకు చాలా గొప్పలు చెప్పాను, ఆకు గొడుగన్నాను, నిచ్చెన వేశానన్నాను. ఆ గదిలో నేను చూసిన దానికి మాత్రం ఏం కలపాలన్నా నాకు చేతకాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలేంత పెద్దది నా జన్మలో అదొక్కటే.

"సార్," అంది మేడం, "తోట దున్నితే తొట్టి శుభ్రం కాదు. ఆకు పొడిగా వస్తే, మీరు ఉడికించి పెడితే, ఈ ఊళ్లో ఇంతకంటే మంచి పాలకూర మీకు దొరకదు. నా నివేదికలో అదే రాస్తాను."

"నివేదిక మీది. జాగా నాది. మంచం పట్టిన నా పనివాళ్లకి నేనేం చెప్పాలి?" మేనేజరు గారు కిటికీ దాకా నడిచారు. ఆ కిటికీలోంచి చూస్తే గేటు కనిపిస్తుంది. అక్కణ్ణించి చెయ్యి ఊపితే ట్రాక్టరువాడికీ కనిపిస్తుంది. ఆయన చెయ్యి లేచింది. ఏ వైపు ఊగుతుందో ఆయనకే తెలియనట్టు గాల్లో ఆగింది.

అప్పుడే వాచ్‌మన్ రొప్పుతూ వచ్చాడు.

"సార్, ట్రాక్టరు ముందు ఒక ముసలావిడ కూర్చుంది. లెమ్మంటే లేవనంటోంది. మిల్లంతా అక్కడే ఉంది సార్!"

అన్నయ్యా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "అమ్మ!"

మా అమ్మని బండికి కాపలా పెట్టి లోపలికొచ్చాం. మా అమ్మ సంగతి మీకు తెలియదు. వదిన మా ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆవిడ నోట ఒక్క మంచి మాట వినలేదు. వండితే ఉప్పన్నది, ఊడిస్తే దుమ్మన్నది. పాలకూరనైతే "ఆకే కదా, గేదె కూడా పెంచుతుంది," అన్నది. అలాంటి మనిషి ట్రాక్టరు ముందు చక్రాలకి అడ్డంగా, కాళ్లు బార్లా చాపుకుని, ఒళ్లో మా బండి మీది ఆకు కట్టలు పెట్టుకుని కూర్చునుంది. ఇంజను మోత మీదుగా ఆ గొంతు కిటికీ దాకా వచ్చింది.

"నా కోడలి ఆకులో విషముందన్నవాడెవడ్రా? ముందుకి రా! ఇన్నేళ్ల నుంచి చూస్తున్నాను దాన్ని. చేతులు కడుక్కోకుండా మట్టిని కూడా ముట్టుకోదది! ఇదిగో, పచ్చిదే తింటున్నాను, ఏదైనా అయితే ముందు నాకవ్వాలి. కళ్లు పెట్టుకుని చూడండి అందరూ!"

జనం చప్పట్లు కొట్టారు. ఎవడో ఈల వేశాడు. వదిన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. 'నా కోడలు' అన్న మాట మా అమ్మ నోట ఆవిడ వినడం అదే మొదలు. మొహమంతా వెలిగింది.

అంతలోనే ఆ వెలుగు పోయింది. గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఏవండీ. బండిలో బుట్ట మీద కూడా చల్లారా?"

అన్నయ్య భుజం మీది తువ్వాలు మళ్లీ చేతిలోకొచ్చింది. "మేడం గారు చూస్తారు కదాని… ఇవాళ ఇంకాస్త ఎక్కువే…"

వదిన పరుగందుకుంది. వెనకే మేడం, ఆవిడ వెనక మేము. "అత్తయ్యా! ఉమ్మెయ్యండి! అత్తయ్యా!" అని వదిన అరుస్తూనే ఉంది. ట్రాక్టరు మోతా చప్పట్లూ ఆ మాటని మింగేశాయి. కోడలు పరిగెత్తుకు రావడం చూసి, తనని మెచ్చుకోవడానికే వస్తోందనుకుని మా అమ్మ బోసినోటితో నవ్వింది. కుడి చెయ్యి పైకెత్తి చూపించింది. ఆ వేళ్ల మధ్య కట్ట కట్టిన నార ఒక్కటే వేలాడుతోంది.

ఎడమ చెయ్యి రెండో కట్ట విప్పుతోంది.